మామ కోసం వేసిన ప్లేటు

రాళ్ళ దారుల్లో తిరిగే జీపులకు రెండు పక్కలా, తలుపుల కింద, పొడవునా ఇనుప గొట్టాలు బిగించి ఉండటం మీరు చూసే ఉంటారు. ఇప్పుడవి తయారుగా దొరుకుతున్నాయి. రాయచూరులో కూడా అమ్ముతున్నారు, నల్ల రంగు వేసి, బోల్టులతో సహా. మా రోజుల్లో మేమే చేసుకునేవాళ్ళం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు అవి ఎలా చేసేవాళ్ళమో రాయమని అడిగారు. చేసే పద్ధతి చెప్పడానికి పెద్దగా సమయం పట్టదు. దాని వెనక ఉన్నది చెప్పకుండా పద్ధతి ఒక్కటే చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఇది ఇంత పొడుగైంది.

నేను పనిచేసింది ఒక చిన్న డ్రిల్లింగు కాంట్రాక్టరు దగ్గర. భూమి లోపలి రాతిని నమూనాలుగా పైకి తీసి, అడిగినవాళ్ళకు పంపడం ఆ కంపెనీ పని. ఇప్పుడా కంపెనీ లేదు. లింగసుగూరు ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు మా వర్కుషాపు. అందులో నేను వెల్డింగు మేస్త్రిని. మా నాన్న కాలువ కింద పొలం చేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చినవాడు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. నేను ఇక్కడే పుట్టినా నా మాట మాత్రం మా క్యాంపు కోస్తా మాటగానే మిగిలింది. షెడ్డులో నన్ను ఎక్కిరించడం అందరికీ ఒక కాలక్షేపం.

అందులో అందరికంటే ముందుండేవాడు మామ. యాపలదిన్ని మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. షెడ్డులో అందరికీ మామే. నన్ను మాత్రం అల్లుడా అనేవాడు.

"ఏమండీ అల్లుడుగారూ, టిఫిను చేశారాండీ?" అని మా యాసలో సాగదీసేవాడు.

"చేశానులే మామా."

"చేశానులే అంట. తిన్న అంటే నోరు నొస్తదా?"

మామ పని ఏమిటంటే జీపు ముందు నడవడం. వినడానికి అది పనిలా అనిపించదు. డ్రిల్లింగు మిషన్లు నిలబెట్టే చోటికి రోడ్డు ఉండదు. గుట్ట ఎక్కాలి, వాగు దిగాలి. డ్రైవరుకు కుడివైపు చక్రం కనిపిస్తుంది, ఎడమవైపు కనిపించదు. అందుకని ఒక మనిషి ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూస్తూ, చక్రం ఏ రాయి మీద పెట్టాలో చెప్పాలి. చాలామంది ఈ పని చేతులు ఊపుతూ, అరుస్తూ చేస్తారు. మామ చెయ్యి ఎత్తేవాడు కాదు. నడుము దగ్గర పెట్టుకున్న చేతి వేళ్ళు మాత్రమే కదిలేవి. నోటితో రెండు మాటలే. "బరలి", "సాకు". కన్నడంలో రానీ అని, చాలు అని. మామ తెలుగువాడు, డ్రైవరు ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, అయినా బండి నడిపించే మాటలు మాత్రం కన్నడంలోనే ఉండేవి. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

డ్రైవరు లింగసుగూరు వాడు. మామను మామూ అనేవాడు, నన్ను ఉస్తాద్ అనేవాడు. గుట్ట మీద అతను దారి చూసేవాడు కాదు, మామ వేళ్ళు చూసేవాడు. "మామూ సాకు అనేదాక లోయ ఉన్నా పోనిస్త" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ అది నిజం.

మామకు ఇంకో అలవాటు ఉండేది. నడుస్తూ నడుస్తూ కొన్ని రాళ్ళను కాలితో తన్నేవాడు. తిక్క అనుకునేవాళ్ళం.

"ఆ రాయి ఏం పాపం చేసింది మామా?" అన్నాను ఒకసారి.

"కూసున్నదా లేదా అని సూస్తున్న" అన్నాడు.

నేను దాన్ని కూడా ఒక తమాషాగానే తీసుకున్నాను.

యాభై దాటాక మామ మోకాళ్ళు చెడ్డాయి. మొదట దిగేటప్పుడు నొప్పి, తర్వాత ఎక్కేటప్పుడు. కొన్నాళ్ళకు కుర్చీలోంచి లేవడానికి కూడా బల్ల పట్టుకునేవాడు. డ్రైవరు ఈ సంగతి బయట పడనీయలేదు. గుట్ట కింద మా టెంట్లు కనుమరుగు కాగానే బండి ఆపి మామను ఎక్కించుకునేవాడు. సైటు కనిపించే ముందు దించేవాడు. మామ అక్కడి నుంచి నడిచి చూపించేవాడు.

సైటు మేనేజరు చెడ్డవాడు కాదు. మర్యాద గల మనిషి. ఆయన కళ్ళు మాత్రం బాగా పనిచేసేవి. ఒకరోజు షెడ్డులో అందరి ముందూ అన్నాడు, "వచ్చే నెల డ్రిల్లింగు క్యాంపు గబ్బూరు వైపు మారుతోందండీ. అక్కడంతా గుట్టలే. నడవగలిగినవాళ్ళనే తీసుకెళ్దాం. తక్కినవాళ్ళు కాస్త వేరే ఏదన్నా చూసుకోవాలి." ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరి వైపూ చూడలేదు. చెప్పక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

మామ యాపలదిన్నిలో ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి. పైన స్లాబు లేదు. రెండేళ్ళుగా పైన తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పుకుని ఆయనా అత్తా అందులోనే ఉంటున్నారు.

"స్లాబు పడితే సాలు అల్లుడా" అనేవాడు. "ఆ తర్వాత కాళ్ళతోటి పనేముంది. పండుకుంటే సాలు."

స్లాబు పడాలంటే ఆయన గబ్బూరు క్యాంపుకు వెళ్ళాలి. వెళ్ళాలంటే నడవాలి. అప్పుడు మా ముగ్గురికీ ఉన్న సమస్య ఇంతే.

ఆ పక్క గొట్టాలను మేం బార్లనేవాళ్ళం. వాటి మాట ఎత్తింది డ్రైవరు. అది మామ కోసం కాదు, బండి కోసం. తలుపుల కింద రేకు రాళ్ళకు తగిలి నలిగిపోయి, ఎడమ తలుపు పడటం మానేసింది. తాడుతో కట్టి నడుపుతున్నాడు.

"ఉస్తాద్, దీనికి పక్కలకు ఏదైనా కట్టు. గబ్బూరుకి పోతే తలుపు కాదు, బండి మొత్తం ఖరాబ్ అయితది."

మేనేజరు ఒప్పుకున్నాడు, కొత్తగా ఏదీ కొనకూడదన్నాడు. షెడ్డు వెనక అరిగిపోయిన డ్రిల్లింగు రాడ్లు కుప్పగా ఉండేవి. రాడ్లంటాం గానీ లోపల డొల్లగా ఉండే గొట్టాలే, రాతిలోకి దిగడానికి చేసిన ఉక్కు. నేను వాటితోనే మొదలుపెట్టాను.

పద్ధతి ఇది. బారు బరువంతా చాసిస్ మీద, అంటే బండి అడుగున ఉండే ఉక్కు చట్రం మీద పడాలి, బాడీ మీద కాదు. బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, అది కదులుతుంది. చాసిస్‌కు ముందుగా మందపాటి పట్టీలు వెల్డింగు చేసి, వాటి మీద నుంచి చేతుల్లా మూడు గొట్టం ముక్కలు బయటికి తీయాలి. చేతులు కొంచెం పైకి వంగి ఉండాలి. వాటి చివర పొడుగు గొట్టం. గొట్టం రెండు చివరలూ ఏటవాలుగా కోసి మూసేయాలి. లేకపోతే ముందు చివర నేలలో గుచ్చుకుంటుంది. రాయి తగిలినప్పుడు బారు ఆగిపోకూడదు, రాయి మీద జారాలి. బండి బరువును మోస్తూ జారిపోవడమే దాని పని. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి.

నేను పని చేస్తుంటే మామ పక్కన స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ఎడమ బారు బిగించాక లేచి వచ్చి, దాని మీద కాలు పెట్టాడు. తలుపు చట్రం పట్టుకుని రెండో కాలూ పెట్టాడు. కాసేపు నిలబడ్డాడు. గొట్టం గుండ్రం కాబట్టి చెప్పు జారింది, దిగాడు.

"అల్లుడా, దీని మీద గింత ప్లేటు ఏస్తే?"

"ఎందుకు?"

"నిలబడి సూస్త. కిటికీలకెల్లి వీనికి సెప్త. నడిసే పని తప్పుతది."

డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. "అచ్ఛా ఉంటది మామూ. ఎడమ పక్క మొత్తం నీకు కనపడతది. మేనేజరు సాబ్ చూసినా, పనిలనే ఉన్నవ్ కదా."

నాకు అది మంచి ఆలోచనగా తోచింది. మంచి ఆలోచన అనే అనుకున్నాను, ఆ మాటను ఇప్పుడు మార్చి రాయను. బస్సు మెట్లకు వేసే ప్లేటు ఉంటుంది, కాలు జారకుండా పైన బొడిపెలతో. దాన్ని చెక్కర్ ప్లేటు అనేవాళ్ళం. షెడ్డులో ఒక ముక్క ఉంది. మామ రెండు పాదాలు పట్టేంత కోసి, ముందు తలుపు పక్కన, బారు మీద వేశాను. చేత్తో పట్టుకోవడానికి పైన ఒక కడ్డీ కూడా. వెల్డింగు చల్లారాక మామ ఎక్కి ఊగి చూశాడు.

"రైలు గార్డు లెక్క లేనా?"

"పచ్చ జెండా ఒకటి తక్కువ" అన్నాడు డ్రైవరు.

మేనేజరు వచ్చి చూశాడు. ప్లేటు మీద నిలబడి ఉన్న మామను చూశాడు. "బాగుందండీ, ఇలా అయితే సరిపోతుంది" అన్నాడు. మామ గబ్బూరు క్యాంపుకు వచ్చాడు.

అక్కడ కొన్ని వారాలు బాగానే గడిచాయి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ మామ అంత హుషారుగా ఉండగా నేను చూడలేదు అని రాయబోయాను. ఆ తర్వాత అనేది లేదు. సాయంత్రం టెంటు దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, కడుతున్న ఇంటికి పైకెక్కే మెట్లు లోపల ఉండాలా బయట ఉండాలా అని అందరినీ అడిగేవాడు. మోకాళ్ళ నొప్పులున్నవాడు పైకెందుకు ఎక్కాలని డ్రైవరు అంటే, "నేనెక్క. మీ అత్త వడియాలు ఎండబెట్టాలె గద" అనేవాడు. బండికి కొత్త సొట్ట ఒక్కటి పడలేదు. బార్ల మీద రంగు పోయింది. ప్లేటు మీద బొడిపెలు మామ పాదాల కింద మెరుపు తేలాయి.

ఆ రోజు సైటు మీద కంప్రెసర్‌కు గొట్టం చీలింది. దాన్ని అతకడానికి నేను వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున టీ తాగి బయలుదేరాం. డ్రైవరు, వెనక సీట్లో సామానుతో నేను, ఎడమ పక్క బయట ప్లేటు మీద మామ. తల లోపలికి పెట్టి నాతో మాట్లాడుతూ వచ్చాడు.

"అల్లుడుగారూ, కుదుపులు తమకు ఇబ్బందిగా లేవు కదాండీ?"

"ముందు చూడు మామా."

"సూస్తనే ఉన్న. సూపుడు తప్ప నాకు వేరే పనేముంది ఇప్పుడు?"

గుట్ట సగం ఎక్కాక దారికి ఎడమ వైపు నా నడుమంత ఎత్తు బండ ఒకటి ఉంటుంది. రోజూ దాని పక్క నుంచే పోతున్నారు. ముందు రాత్రి వాన పడింది. దారిలో రాళ్ళు అవే, అదే చోట ఉన్నట్టున్నాయి. మామ కిందికి చూశాడు.

"బరలి" అన్నాడు. "బరలి."

ముందు ఎడమ చక్రం ఒక రాయి ఎక్కింది. ఆ రాయి కూర్చుని లేదు. కింద మట్టి కొట్టుకుపోయింది. పై నుంచి చూస్తే అది తెలియదు. అది దొర్లింది. బండి ఎడమకు వాలింది. బారు కింద రాతి మీద పడింది, బండి బరువును మోసింది, జారింది. నేను ఎలా చేశానో అలాగే పనిచేసింది. జారి బండ దగ్గరికి వెళ్ళి ఆగింది. బారుకూ బండకూ మధ్య మామ ఉన్నాడు.

"సాకు" అనే మాట రాలేదు. డ్రైవరు ఆ మాట కోసం చూస్తూ బ్రేకు మీద కాలు పెట్టి ఉన్నాడు. తర్వాత చాలాసేపు అలాగే పెట్టి ఉన్నాడు. నేను అటు పక్క నుంచి దిగలేక వెనక నుంచి దూకి వెళ్ళాను. ఏం చూశానో రాయను. పై సైటు నుంచి మనుషులు దిగి వచ్చి గునపాలతో బండిని లేపేవరకు మామకు స్పృహ ఉంది. నన్ను గుర్తుపట్టాడు. దేవదుర్గం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో పోయాడు. తల నా ఒళ్ళో ఉంది.

నేను పుస్తకాలు చదివేవాడిని. చావు గురించి చాలామంది చాలా బాగా రాశారు. బాగా రాయడం దగ్గరే నాకు ఇప్పుడు ఇబ్బంది. ఆ పేజీలు వచ్చినప్పుడు పుస్తకం మూసేస్తాను.

విచారణ జరిగింది. ఒక ఇంజనీరు వచ్చి బండి కిందికి దూరి, లైటు వేసుకుని నా వెల్డింగులన్నీ చూశాడు. సుత్తితో కొట్టి చూశాడు. ఒక్క అతుకు కూడా విడలేదు. బయటికి వచ్చి చేతులు దులుపుకుని, "ఎవరు చేశారు ఇది?" అని అడిగాడు. నేనన్నాను. "మంచి పని" అన్నాడు. వెల్డింగు మొదలుపెట్టిన నాటి నుంచీ నేను కోరుకున్నది ఆ మాటే. వాహనానికి నష్టం లేదని రాసుకుని వెళ్ళాడు. అది నిజమే. బార్లతో పాటు నేను సరిచేసిన ఎడమ తలుపు ఆ తర్వాత కూడా సరిగ్గానే పడేది.

ప్రమాదానికి కారణం వాన అన్నారు. డ్రైవరు తనే కారణం అన్నాడు. నాకైతే మామ కాలు గుర్తొస్తుంది. నడిచిన రోజుల్లో ఆయన దారిని కళ్ళతో చూసేవాడు కాదు, కాలితో చూసేవాడు. తన్ని చూసేవాడు, రాయి కూర్చుందో లేదో. పైన నిలబడ్డవాడు ఏ రాయిని తంతాడు? మోకాళ్ళను కాపాడాలని మేం ఆయన కళ్ళు తీసేశాం. అప్పుడు మాకిది తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాళ్ళమో కూడా నాకు తెలియదు. ప్లేటు వేయకపోతే ఆయన ఇంటికి పోయేవాడు, తాటిపత్రి కింద కూర్చునేవాడు. అది కూడా నేను చూడలేకపోయేవాడిని. ఈ లెక్క ఎటు నుంచి వేసినా నాకు తెగడం లేదు. పెద్దవాళ్ళు ఇలాంటి చోట మీకేదో ఒక నీతి చెప్పాలి. నా దగ్గర లేదు.

తర్వాత నెల తిరక్కముందే మేనేజరు నన్ను పిలిచాడు. కుర్చీ చూపించాడు. చాలాసేపు మామ గురించే మాట్లాడాడు, బాధగానే మాట్లాడాడు. తర్వాత అన్నాడు, "మేస్త్రిగారూ, తక్కిన రెండు జీపులకు కూడా అలాంటి బార్లు వేయాలండీ. బండి దెబ్బతినకుండా బాగా కాశాయి కదా."

"ప్లేటు లేకుండా వేస్తానండీ."

"మీ ఇష్టం."

ప్లేటు లేకుండా వేశాను. కాలు పట్టే చోటు లేకుండా గొట్టాన్ని బాడీకి దగ్గరగా తెచ్చాను. కొన్ని రోజులకు చూస్తే వాటి మీద కూడా మనుషులు నిలబడి వస్తున్నారు. పైన క్యారియరు పట్టుకుని, మడమలు గాల్లో పెట్టి, వేళ్ళ మీద నిలబడి. ఆపి కేకలేశాను. దిగారు. మలుపు తిరిగాక మళ్ళీ ఎక్కి ఉంటారు. నడవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మామ ఒక్కడికే ఇష్టం ఉండేదేమో, మోకాళ్ళు పోకముందు.

కంపెనీ ఇవ్వాల్సింది ఇచ్చింది. ఆ ఎండాకాలంలోనే యాపలదిన్నిలో స్లాబు పడింది. మెట్లు బయటికి పెట్టారని డ్రైవరు చెప్పాడు. నేను వెళ్ళలేదు.

ఇంకొకటి మిగిలింది. స్లాబు పడక ముందు సంగతి. చివరికి నెట్టుకుంటూ వచ్చాను.

అత్త కంపెనీ ఇచ్చే డబ్బు కాగితాల మీద వేలిముద్ర వేయడానికి లింగసుగూరు ఆఫీసుకు వచ్చింది. పని అయ్యాక షెడ్డులోకి వచ్చింది. డ్రైవరు తీసుకొచ్చాడు. సన్నటి మనిషి, చేతి వేళ్ళ నిండా పత్తి కాయలు గీరిన గీతలు. నన్ను చూసి ఆగింది.

"అల్లుడు అల్లుడు అంటుండె మా ఆయన. నువ్వేనా?"

"నేనే అత్తా."

"తమాషాగ మాట్లాడుతడు అంటుండె. మాట్లాడవైతివి."

స్టూలు వేశాను. కూర్చోలేదు. జీపు ఏదని అడిగింది. అది షెడ్డు చివర నిలబడి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది, సంతలో ఎద్దును చూసినట్టు. ఎడమ పక్క ఆగింది. "యాడ నిలబడ్డడు?" అంది. నేను ప్లేటు చూపించాను. మెరుపు తేలిన చోటు చూపించాల్సిన పని లేకుండానే కనిపిస్తోంది.

ఆమె చెప్పులు విడిచి పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, కడ్డీ అందుకుని, ఆ ప్లేటు మీదికి ఎక్కింది. సరిగ్గా ఆయన పాదాల చోట పాదాలు పెట్టి నిలబడింది. ఒకసారి కిందికి చూసింది. ఒకసారి కిటికీలోంచి లోపలికి, ఖాళీ డ్రైవరు సీటు వైపు చూసింది. తర్వాత, ఆయన మొదటి రోజు చేసినట్టే, తన బరువు వేసి రెండు మూడుసార్లు ఊగి చూసింది. బారు కదల్లేదు. కిర్రుమని కూడా అనలేదు.

"గట్టిగనే ఉన్నది గద అల్లుడా" అంది.

"అవునత్తా."

"బాగ చేసినవ్."

దిగడానికి డ్రైవరు చెయ్యి అందించాడు. ఆమె అది పట్టుకోలేదు. తనంతట తను దిగి, చెప్పులు వేసుకుని, బస్సు ఎన్నింటికో కనుక్కోమంది.